పాఠానికి ముందు మౌనం

మా ఇంట్లో ఫ్యాన్ అంత చప్పుడు చేస్తుందని అక్క చెప్పేదాకా నాకు తెలియదు.

అక్క అంటే నా తోడబుట్టిన మనిషి కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వెనక వీధి లేడీస్ హాస్టల్‌లో ఉండి ఎం.ఏ. హిస్టరీ చదువుతుండేది. నల్లగొండ వైపు పల్లెటూరు. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. నేనప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. మా తాతల కాలంలో పోచంపల్లిలో మగ్గం నేసిన ఇల్లు మాది. నాన్న కాలానికి మగ్గం పోయి చీరల కొట్టు మిగిలింది. తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులవి. ఇవాళ కాలేజీ ఉంటుందో లేదో పొద్దున లేచి టీవీ చూస్తే తప్ప తెలిసేది కాదు.

మా కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉంది. చూపులేని విద్యార్థినికి తెలుగు పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసి పెట్టేవాళ్లు కావాలని. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. క్లాసులో హాజరు పలకడానికి కూడా ముందుగా మనసులో ఒకసారి అనుకుని చూసుకునే పిల్లని నేను. కానీ ఇంట్లో తలుపు వేసుకుని కథల పుస్తకాలు పైకి చదువుకోవడమంటే ప్రాణం. ఆ రోజు డైరీలో రాసుకున్నాను: "మనుషులు ఎదురుగా లేకుండా మాట్లాడే పని దొరికింది."

అక్క నాకొక చిన్న రికార్డర్ ఇచ్చింది. మొదటి పాఠం చదివి తీసుకెళ్తే, చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కాస్త విని, నవ్వింది.

"నీ గొంతు మంచిగుంది పిల్లా. మీ ఫ్యాన్ గొంతు ఇంకా మంచిగుంది. ఇద్దరు కలిసి చదివిండ్రు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఎండాకాలం, తలుపులు మూసుకున్న గది, ఫ్యాన్ ఆపితే పేజీ మీద చెమట చుక్కలు పడతాయి. ఆ మాటే నసుగుతూ చెప్పాను.

"ఆపమన్ననా? నువ్వు ఉడికిపోతే నాకు పాఠం ఎవరు చదువుతరు?" అని, ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టింది. అందులో ఏదో గిరగిరా తిరుగుతోంది. మనిషి గొంతో, ఎలుక గొంతో తేల్చుకోలేకపోయాను. అది నేనేనట. అక్క పాఠాలన్నీ వేగం పెంచి వింటుంది. ఒక గంట పాఠం అరగంటలో అయిపోతుంది. అలా వేగం పెంచినప్పుడు ఫ్యాన్ శబ్దం రేకుల మీద ఆగని వానలా అయిపోతుంది. రోజంతా ఆ వానలో పాఠం వెతుక్కుంటే సాయంత్రానికి తల పగిలిపోతుందని చెప్పింది. పాఠమంటే నాకు అచ్చు అక్షరాలే. ఒకరికి అది వాన చప్పుడులోంచి ఏరుకోవాల్సిన వస్తువని ఆ రోజే తెలిసింది.

నాలా చదివిపెట్టేవాళ్లు ఇంకొందరు ఉండేవారు. చంపాపేట్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి, మలక్‌పేటలో ఒక గృహిణి, ఎల్బీనగర్‌లో ఒక రిటైర్డ్ టీచర్. అక్క ఫైలు పేరు చూడక్కర్లేకుండా మొదటి క్షణంలోనే ఇల్లు చెప్పేసేది. కూలర్ నీళ్ల చప్పుడుంటే చంపాపేట్. పక్కింటి కుట్టు మిషన్ ఉంటే మలక్‌పేట. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు పోయే లారీల రొద ఉంటే అది నేను. బంద్ రోజు చదివినవి కూడా పట్టేసేది, ఎందుకంటే వెనక బస్సులు ఉండవు. నిజానికి బంద్ రోజుల్లోనే అందరం ఎక్కువ చదివేవాళ్లం. కాలేజీ ఉండదు, ఆఫీసు ఉండదు, రోడ్డు గమ్మున ఉంటుంది. ఫ్యాన్ మాత్రం బంద్ పాటించేది కాదు.

అక్కకు అందరికంటే ముఖ్యం టీచర్‌గారు. ఆవిడ కోస్తా నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకుని, ఇక్కడే ఒక బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. హిస్టరీ పుస్తకాలన్నీ ఆవిడే చదివేవారు. రాజుల పేర్ల దగ్గర ఆగేవారు, సంవత్సరాన్ని రెండుసార్లు చెప్పేవారు, కారణాలు వరసగా ఉంటే ఒక్కో కారణానికి ముందు చిన్న ఊపిరి తీసుకునేవారు. "ఆమె చదివితే కింద పెన్సిల్‌తో గీత గీసినట్టే ఉంటది. నేను గీత సూడకపోయినా అది ఎట్లుంటదో ఆమె వల్లనే తెలిసింది" అనేది అక్క.

ఆ ఏడు పాసవడం అక్కకు మామూలు విషయం కాదు. గొడవల వల్ల పరీక్షలు వాయిదా మీద వాయిదా పడుతున్నాయి. హాస్టల్లో ఎన్నాళ్లుంటావని వాళ్లన్న ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఈసారి పరీక్ష తప్పితే ఇంటికి తీసుకుపోయి ఊళ్లో ఫోన్ బూత్ పెట్టిస్తానని చెప్పేశాడు.

"అందరి జేబుల్ల సెల్‌ఫోన్లున్నయి. బూత్‌కు ఎవడొస్తడు? మా అన్నకు నేనే కాదు, లోకం కూడ కనవడ్తలేదు" అని నవ్వేది. కానీ ఆ నవ్వు అవగానే మళ్లీ ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టేసుకునేది. కాలేజీలో పాఠాలు చెప్పాలని ఆమె కోరిక.

రికార్డింగుల్లోంచి వెనక చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరుకుతుందని అక్కకు తెలుసు. పద్ధతి ఇదీ. పాఠం మధ్యలో మనిషి మాట లేని చిన్న ముక్క ఒకటి వెతికి, దాన్ని కంప్యూటర్‌కి చూపించి, "ఇదీ ఈ ఇంటి చప్పుడు" అని నేర్పాలి. తర్వాత పాఠమంతటిలోంచి ఆ చప్పుడు తీసెయ్యమనాలి. ఆ తర్వాత వేరే పేరుతో దాచుకోవాలి. ఇంకో పాఠం తెరవాలి. మళ్లీ మొదటి నుంచి. అక్క మౌస్ వాడదు. అంతా కీబోర్డు మీదే, తెర మీది మాటలు చదివిపెట్టే ఒక యంత్రపు గొంతు చెప్పినట్టు. ఒక్క పాఠం కడిగేసరికి ఒక పాఠం వినే సమయం పోయేది. పాఠాలు చూస్తే గుట్ట.

"గిట్లయితే నేను పరీక్ష రాస్తనా, బట్టలు ఉతుకుతనా?" అంది ఒకరోజు. "కంప్యూటర్‌నే అన్ని ఒక్కసారి ఉతకమంటే అయిపాయె."

అప్పటికి ఆమె కంప్యూటర్ చదువంతా హాస్టల్లో, పాత ల్యాప్‌టాప్ మీద, తనలాంటి వాళ్లు ఈమెయిళ్లలో రాసుకునే సలహాలతో నేర్చుకున్నదే. ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది. యంత్రపు గొంతు ఒక్కో కామాను, ఒక్కో బ్రాకెట్టును పేరు పెట్టి చదువుతుంటే, తల కొంచెం పక్కకు వంచి వింటూ టైపు చేసేది. ఆ గొంతు చదవని పెట్టెలు కొన్ని తెర మీద ఊడిపడేవి. అప్పుడు నా పని.

"అక్కా, ఏదో డబ్బా ఒచ్చింది."

"ఏం రాసున్నది దాంట్ల?"

"ఎర్ర గుండ్రంల తెల్ల గీత... ఫైల్ దొరకలేదని."

"దొరకదు, నేనే తప్పు పేరు పెట్టిన. కొట్టెయ్ దాన్ని."

అలా పక్కన కూర్చుని ఎర్ర డబ్బాలు చదివిపెట్టినందుకే నాకు చాలా గర్వంగా ఉండేది.

చిక్కెక్కడంటే, మనిషైతే మాట లేని ముక్కను వెతుక్కుంటాడు. ప్రోగ్రాంకు అది ఎక్కడుందో ముందే తెలియాలి. పైగా మా ఇంటి ఫ్యాన్ చప్పుడు నేర్పితే అది చంపాపేట్ కూలర్‌కు పనికిరాదు. దానికి అక్క కనిపెట్టిన ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. చదివేవాళ్లందరికీ ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది: "బటన్ నొక్కినంక, చదువుడు మొదలుపెట్టే ముందు కాసేపు గమ్మున కూసోండ్రి. ఏం మాట్లాడొద్దు. మీ ఇల్లు ఎట్ల ఊపిరి తీసుకుంటదో మిషన్‌ను విననియ్యండ్రి." అంటే ప్రతి పాఠం ముందూ ఆ ఇంటి మౌనం ఉంటుంది. ప్రోగ్రాం ఆ మౌనాన్ని నేర్చుకుని, దాన్నే మిగతా పాఠంలోంచి తీసేస్తుంది. ఇంటికో మౌనం. ఒక్క మాటతో అందరి ఇళ్లూ దారికొచ్చాయి. అప్పటికే చదివిన పాఠాల సంగతి తర్వాత చూద్దామంది.

ఆ కాసేపు మౌనంగా కూర్చోవడం నాకు బాగా నచ్చింది. రోజూ ఉన్న గదే అయినా, ఆ క్షణాల్లో లారీ మలుపు తిరగడం, వంటింట్లో అమ్మ మూత పెట్టడం, ఫ్యాన్ ఒక చుట్టుకోసారి కిర్రుమనడం వేరువేరుగా వినిపించేవి.

మొదటిసారి ప్రోగ్రాం నడిపిన సాయంత్రం నేను పక్కనే ఉన్నాను. అక్క ఎంటర్ నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకుంది. తెర మీద ఫైళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి కదులుతున్నాయి. ఎవరూ ఏమీ ముట్టుకోవడం లేదు. అయ్యాక నా పాఠం ఒకటి పెట్టింది. ఫ్యాన్ లేదు. మా గది లేదు. వినబడుతున్నది ఒక్క గొంతు. ఎవరిదో తెలిసిన గొంతే, కానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. నా గొంతు బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు, అంటే చెప్పేంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఒక చోట మాత్రం దూరంగా ఊరేగింపు నినాదాలు వినబడ్డాయి.

"అది పోలేదక్కా."

"పోదు. గీ మిషన్‌కు ఆగకుండ ఒకే తీరుగ మోగేదే తెలుసు. ఫ్యాన్ తెలుసు, ఉద్యమం తెల్వది."

నావీ, చంపాపేట్ ఆయనవీ విని చూసి, మిగతావీ అలాగే ఉంటాయని అనుకున్నాం. సంబరంలో చదివినవాళ్లందరికీ అందరి పాఠాలూ సీడీల్లో ఎక్కించి పంపాం. పంపిన కొన్నాళ్లకే పరీక్షల తేదీలు వచ్చాయి. ఈసారి వాయిదా లేదన్నారు. ఆ వారంలోనే టీచర్‌గారు ఫోన్ చేశారు. అక్క స్పీకర్ పెట్టింది.

"ఏమ్మా, నా గొంతు వినబుద్ధి కాకపోతే ఆ ముక్క చెప్పెయ్యొచ్చుగా. అందరివీ గంటల్లా మోగుతున్నాయి. నాది ఒక్కదానిదే బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుంది. సగం మాటలు లేవు. మా పక్కింటావిడ అంటోంది, 'ఆంధ్రా యాస కదా పిన్నిగారూ, అందుకే నొక్కేసుంటారు' అని. నేనేమీ అనుకోనులే. మిగిలిన పాఠాలు మీ వైపు వాళ్లెవరితోనైనా చదివించుకో."

అక్క ఏదో అనబోయేలోపే పెట్టేశారు. ఏమీ అనుకోనని చెప్పేవాళ్లు ఎంత అనుకుంటారో నాకు తెలుసు, నేనూ ఆ జాతే.

అక్క టీచర్‌గారి పాఠాలు పెట్టింది. ఆవిడన్నది నిజం. చంపాపేట్ కూలర్ పోయింది, మా ఇంటి ఫ్యాన్ పోయింది, ఎల్బీనగర్ ఇంట్లో మాత్రం ఫ్యాన్‌తోపాటు టీచర్‌గారు కూడా పోయారు. నీళ్ల అడుగు నుంచి ఎవరో పిలుస్తున్నట్టుంది. ఏ రాజు, ఏ సంవత్సరం, ఏమీ తేలడం లేదు. హిస్టరీ అంతా ఆవిడ గొంతులోనే ఉంది. పైగా ఆధునిక చరిత్ర పాఠాలు కొన్ని చదవనే లేదు.

"అసలువి ఉన్నయా అక్కా?" అని భయంగా అడిగాను.

"ఉన్నయి. కడిగినవి వేరే దాంట్ల వేసిన. చీరల కొట్టోళ్ల పిల్లవు, నువ్వే చెప్పు. రంగు పోతదో లేదో చూడకుండ ఉన్న ఒక్క చీరె నానబెడ్తమా?"

అంత పరేషాన్‌లోనూ ఆ మాట విని నాకు గుండె కుదుటపడింది. ఆమె ఏ పనిలోనూ వెనక్కి వచ్చే దారి మూసుకోదు.

అసలు రికార్డింగు తెరిచి, మొదట్లో ఉన్న మౌనం ముక్కను మాత్రం తీసి, శబ్దం బాగా పెంచి వింది. మళ్లీ వింది. తల పక్కకు వంచి అలాగే ఉండిపోయింది. ఒక ఇయర్‌ఫోన్ నాకిచ్చింది.

"ఫ్యాన్ కింద ఇంకేమన్న వినవడ్తుందా?"

నాకేమీ వినబడలేదు. ఇంకా పెంచింది. అప్పుడు, ఫ్యాన్ అడుగున ఎక్కడో, పెదాలు కదులుతున్న చప్పుడు. గొణుగుడు. ఒక తూగు, ఒక లయ.

"శ్లోకం!" అన్నాను.

అక్క పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఇంకో ఫైలు తెరిచింది, ఇంకోటి తెరిచింది. అన్నింట్లోనూ అదే. టీచర్‌గారు బటన్ నొక్కి, మేం చెప్పినట్టే గమ్మున కూర్చుని, పుస్తకం కళ్లకద్దుకుని, చదువుల తల్లికి దండం పెట్టుకుంటున్నారు. బడిలో పని చేసినన్నాళ్లూ క్లాసు ముందు అలాగే చేసి ఉంటారు. మా అమ్మ కొట్టులో పొద్దున మొదటి చీర మడత విప్పే ముందు కూడా అలాగే పెదాలు కదుపుతుంది. కాలు తగిలిన పుస్తకాన్ని కళ్లకద్దుకోకుండా నేనూ ముందుకు పోలేను. మాలో ఎవరికైనా ఆ కాసేపు ఖాళీ దొరికితే అక్కడ దండమే వచ్చి కూర్చుంటుంది. అక్క ఎవరికీ దండం పెట్టే రకం కాదు కాబట్టి ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

"మొదట్ల వినవడేదంత చెత్త అని మనమే చెప్పినం. ఆమె గొంతే చెత్తని నేర్సుకున్నది పాపం మిషన్. నేర్సుకుని, పాఠం మొత్తంల ఎక్కడ దొరికితే అక్కడ తుడుస్కుంట పోయింది."

"మరి చదివే ముందు మొక్కొద్దని టీచర్‌గారికి చెప్దామా?"

"నువ్వు చెప్తవా?"

నేను మాట్లాడలేదు.

"గీ మౌనం రికార్డు చేస్తే మస్తు పనికొస్తుండె" అంది.

తర్వాత ఆమె అన్న మాట డైరీలో ఉంది: "అరవై ఏండ్ల అలవాటును మార్చుడు ఎందుకు? నిన్నగాక మొన్న రాసిన ప్రోగ్రాం, దాన్నే మారుస్త." పరీక్షలు తరుముకొస్తుంటే ఇంకొకరైతే ఆ మాట అనరు. ఒక ఫోన్‌తో అయిపోయే పనికి ఆమె మళ్లీ కామాలూ బ్రాకెట్లూ మొదలుపెట్టింది.

ఈసారి మౌనం ఎక్కడుందో మనుషులు చెప్పక్కర్లేదు, పాత పాఠాలకూ పనికొస్తుంది. ప్రోగ్రామే పాఠమంతా ఒకసారి నడిచి, అన్నింటికంటే తక్కువ చప్పుడున్న చోటును తనంతట తానే వెతుక్కోవాలి. "ఎంత చదివే మనిషైనా పేజీ తిప్పుతది గద. తిప్పేటప్పుడు నోరు మూస్తది" అని అక్క లెక్క. మొదటి ప్రయత్నంలో ప్రోగ్రాం తెలివి మీరింది. టీచర్‌గారు మధ్యలో రికార్డర్ ఆపి మళ్లీ పెట్టిన అతుకు దగ్గర, అసలేమీ లేని చోటు దొరికితే, అదే మంచిదని ఎంచుకుంది. ఏమీ లేని చోట నేర్చుకునేదీ ఏమీ ఉండదు. ఫ్యాన్ అలాగే మిగిలింది. అక్క దానికి ఇంకో మాట నేర్పింది: మరీ చచ్చిన నిశ్శబ్దం వద్దు, ఇల్లు బతికున్నంత చప్పుడు ఉండాలి, మనిషి మాత్రం ఉండకూడదు.

మళ్లీ ఎంటర్ నొక్కింది. మళ్లీ ఫైళ్ల పేర్లు కదిలాయి. ఈసారి టీచర్‌గారివి ఒక్కటీ వదలకుండా విన్నాం. ఆవిడ వచ్చేశారు. ఊపిరితో సహా.

ఇక ఆవిడను మళ్లీ చదివించడం మిగిలింది. ఫోన్ ఎత్తడం లేదు. ఇంటికి వెళ్దామనుకున్న రోజు బంద్ పడింది. నేను రేపు పోదామన్నాను.

"బంద్ రోజైతేనే మంచిది. ఎక్కడికి పోతరు? ఇంట్లనే దొరుకుతరు. నడువు."

ల్యాప్‌టాప్ సంచి నా భుజానికి, అక్క చెయ్యి నా మోచేతి మీద. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెయిన్ రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. కొత్తపేట దగ్గర నడిరోడ్డు మీద పిల్లలు ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడుతున్నారు. అక్క మెల్లగా నడుస్తూ, "గీ రోడ్డు ఇంత వెడల్పున్నదని నాకు ఇయ్యాల్నే తెలిసింది. రోజు బస్సుల మోతల అర్థమే కాదు" అంది. చౌరస్తాలో పోలీసాయన ఆపాడు.

"ఎక్కడికమ్మా, బంద్ కదా?"

"పాఠం చదివించుకునేటందుకు పోతున్నం సార్" అంది అక్క.

"ఇయ్యాల కూడనా?"

"పరీక్షలకు బంద్ లేదంటున్నరు సార్. మీరు జర చెప్పి చూడుండ్రి."

ఆయన నవ్వి దారిచ్చాడు. అలా మాట్లాడటం నేనెప్పుడు నేర్చుకుంటానా అనుకున్నాను.

టీచర్‌గారు తలుపు తీసి మమ్మల్ని చూసి తెల్లబోయారు. "ఈ ఎండలో నడిచొచ్చారా? మతి ఉందా మీకసలు?" అని మంచినీళ్లిచ్చారు. తర్వాత ఎదురుగా కూర్చుని, చీర కొంగు సర్దుకున్నారు. మొదట నేనే చెప్పాలని దారిలో అనుకున్నాం. అక్క నా మోచేతి మీద గట్టిగా గిల్లింది.

"టీచర్‌గారూ, మీ గొంతు ఎవరూ తీసెయ్యలేదు. మీరు దండం పెట్టుకోవడం మిషన్‌కి అర్థం కాలేదు" అనేశాను.

ఆవిడ నావైపు వింతగా చూశారు. అక్క ల్యాప్‌టాప్ తెరిచి, ఇయర్‌ఫోన్లు ఆవిడ చేతికిచ్చింది. ముందు ఆ మౌనం ముక్కను బాగా పెంచి వినిపించింది. టీచర్‌గారు కాసేపు కళ్లు చికిలించి, చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"అయ్యో! ఇది నేనేనా?"

"మీరే మేడం. ఒక్క పాఠం కూడ ఇడిసిపెట్టలే."

"మాట్లాడొద్దన్నారని మాట్లాడలేదమ్మా. దేవుడికి చెప్పుకున్నది మాట్లాడినట్టెలా అవుతుంది?"

"మనకు కాదు. మిషన్‌కు గంత తెలివి లేదు."

ఆ తర్వాత కొత్తగా కడిగిన పాఠం పెట్టింది. టీచర్‌గారు వింటూ వింటూ తలెత్తి పైకి చూశారు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మళ్లీ విన్నారు, మళ్లీ పైకి చూశారు. "ఇదేం మాయ! ఇది వేసుకునే కదా చదివాను" అన్నారు. ఆవిడ ముఖం విప్పారడం నేను చూశాను. అక్కకు చూపు లేకపోయినా, ఆ మాటలోనే అది వినబడి ఉంటుంది.

"ఇకనుంచి మనసులోనే అనుకుంటాలే."

"వద్దు మేడం. మీరెట్ల మొక్కుతరో గట్లనే మొక్కుండ్రి. ప్రోగ్రాం మార్చిన. మొక్కు బందయితే మీ చదువుల ఏం తేడా వస్తదో, పరీక్షల ముంగట నాకెందుకు ఆ లొల్లి?"

టీచర్‌గారు నవ్వారు. తర్వాత కొంచెం తగ్గిన గొంతుతో, "పక్కింటావిడ మాట పట్టుకుని ఫోన్లో ఏదో అనేశాను. బయట ఈ గొడవలు చూస్తుంటే ప్రతిదీ అలాగే తోస్తోందమ్మా" అన్నారు.

"మీ యాస తీసేస్తే నా పేపర్ల ఏం మిగుల్తది మేడం? తెలంగాణ ఒచ్చినా మీరే చదవాలె."

"వస్తే పుస్తకాలన్నీ మార్చేస్తారుగా. అవన్నీ కూడా నా చేతే చదివిద్దామనా? బాగుంది వరస!"

మిగిలిన పుస్తకం అప్పుడే తెచ్చుకున్నారు. మమ్మల్ని కదలొద్దని చెప్పి బటన్ నొక్కారు. పుస్తకం కళ్లకద్దుకున్నారు. పెదాలు కదిలాయి. అక్క తల పక్కకు వంచి నవ్వుకుంటూ కూర్చుంది. తర్వాత ఆవిడ గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. ఆ వేళ అన్నం కూడా ఆవిడే పెట్టారు.

పరీక్షలో అక్కకు రాసిపెట్టింది నేనే. రాసేవాళ్లు ఆమె కంటే తక్కువ చదువుకున్నవాళ్లై ఉండాలని నియమం. నా డిగ్రీ మొదటి సంవత్సరం అలా పనికొచ్చింది. మాకు విడిగా ఒక చిన్న గది ఇచ్చారు, కాపలాకు ఒక లెక్చరర్. ప్రశ్నలన్నీ చదివి వినిపించాను. అక్క చాలా తక్కువ గొంతుతో జవాబు చెప్పడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలు రాసేసరికి నా చెయ్యి ఆగింది. సంవత్సరాన్ని రెండుసార్లు చెబుతోంది. ఒక్కో కారణానికి ముందు చిన్న ఊపిరి. మాటలు నల్లగొండవి, ఆగే చోట్లు మాత్రం ఎల్బీనగర్‌వి.

ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోయింది. తర్వాత తల పక్కకు వంచింది. పెదాలు గబగబా కదలసాగాయి. మాట పైకి రావడం లేదు, గొణుగుడు మాత్రమే. లెక్చరర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఆ మంత్రాలు? టైం అయిపోతోంది."

నాకు అర్థమైంది. ఆమె ఆ పాఠాన్ని మొదటి నుంచి మళ్లీ వింటోంది. తనకు అలవాటైన వేగంతో, లోపల, కావలసిన చోటు వచ్చేదాకా నడుపుతోంది. ఇప్పుడు కదిలిస్తే మళ్లీ మొదటికి పోతుంది.

"మంత్రాలు కావు సార్. పాఠం వింటోంది. కాసేపు గమ్మునుండండి" అన్నాను. నా గొంతు ఆ గదిలో నాకే కొత్తగా వినబడింది. ఆయన ఏమనుకున్నాడో, వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కొన్ని క్షణాలకు అక్క పెదాలు ఆగాయి. "దొరికింది. రాసుకో" అంది.

అక్క పాసైంది. వాళ్లన్న బూత్ మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఆమె ఒక కాలేజీలో హిస్టరీ చెబుతోంది. ఫలితాలు వచ్చిన రోజు హాస్టల్ మెట్ల మీద కూర్చుని ముందు టీచర్‌గారికే ఫోన్ చేసింది. ఆఖరి ప్రశ్న ఏ పాఠంలోంచి వచ్చిందని ఆవిడ ఆత్రంగా అడిగారు. బంద్ రోజు మీ ఇంట్లో చదివిందే అని చెప్పింది అక్క.

"అవునా! ఆవేళ ఫ్యాన్ కూడా వేసే ఉంది కదమ్మా?"

"ఉన్నది మేడం, తిరిగింది" అంది అక్క. "నాకు మాత్రం మీరే వినవడ్డరు."